నలభై దాటిన కాళ్లకు చిన్న కోర్టు ఫుట్‌బాల్: 16 వారాల ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఇది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏళ్ల తరబడి ఒంటికి పని చెప్పనివాళ్లు 16 వారాల్లో వారానికి రెండు రోజులు, రోజుకు గంట ఫుట్‌బాల్ ఆడగలిగేలా చేయడం. ఆట నేర్పడం అసలు పని కాదు. వారానికి రెండుసార్లు గుండె బాగా వేగంగా కొట్టుకోవాలి, పిక్కలు మాత్రం చిరగకూడదు. డైరీ మొత్తం ఈ రెండింటి మధ్య లాగులాటే.

చిన్న కోర్టు ఫుట్‌బాల్‌ను ఎంచుకోవడానికి కారణం, దీని మీద గట్టి ప్రయోగాలు జరిగి ఉండటం. వ్యాయామం అలవాటు లేని మగవాళ్లతో కోపెన్‌హాగన్‌లో పీటర్ క్రుస్ట్రప్, యెన్స్ బాంగ్స్‌బో బృందం 12 వారాలు ఆడించి 2009లో ఫలితాలు ప్రచురించింది. వీవో2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) దాదాపు 13 శాతం పెరిగింది. సుమారు 2.7 కిలోల కొవ్వు తగ్గి, 1.7 కిలోల కండ పెరిగింది. బీపీ ఎక్కువగా ఉన్న 31–54 ఏళ్ల మగవాళ్లతో ఆరు నెలలు నడిపిన మరో ప్రయోగం 2013లో వచ్చింది. అందులో ఆడినవాళ్ల సగటు బీపీ 151/92 నుంచి 139/84కి దిగింది. డాక్టర్ సలహా మాత్రమే విన్న గుంపులో తగ్గుదల అంతకంటే తక్కువ.

హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకూ ఈ పద్ధతి వర్తిస్తుంది. వాలీబాల్‌కు ఈ లెక్కలు సరిపోవు. అందులో నిలబడి ఉండే సమయం ఎక్కువ, గుండె అంత వేగం అందుకోదు.

వారం 0: చిట్టా, కొలతలు

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. జట్టుకు ఐదుగురు. 800 చదరపు మీటర్లలో పదిమంది, అంటే మనిషికి 80. ఇంతకంటే పెద్ద కోర్టు అయితే పొడవాటి పరుగులు మొదలవుతాయి, తొడ వెనక కండరం పట్టేసేది అప్పుడే. మరీ ఇరుకైతే ఒకరి కాలు ఒకరికి తగులుతుంది. ఎనిమిదిమందే వస్తే కోన్‌లు జరిపి 30×20 చేయాలి, అప్పుడు మనిషికి 75 చదరపు మీటర్లు. మనుషులు తగ్గారని పెద్ద కోర్టులోనే ఆడించడం చాలా గుంపులు చేసే పొరపాటు.

పదిమంది ఆడాలంటే జాబితాలో 16 పేర్లు ఉండాలి. ఆఫీసు పని, జలుబు, పిల్లల పరీక్ష ఇలా ప్రతివారం కొందరు తగ్గుతూనే ఉంటారు. సరిగ్గా పదిమందితో మొదలుపెట్టిన గుంపు మూడో వారానికి ఆటే సాగక ఆగిపోతుంది.

సామాను: ఫుట్‌సాల్ (జట్టుకు ఐదుగురితో చిన్న కోర్టులో ఆడే ఫుట్‌బాల్) బంతులు 4 (సైజు 4, చుట్టుకొలత 62–64 సెం.మీ., బరువు 400–440 గ్రాములు), కోన్‌లు 24, జట్టు గుర్తుకు చొక్కా మీద వేసుకునే బిబ్‌లు రెండు రంగుల్లో ఆరేసి, 3×2 మీటర్ల గోల్‌పోస్ట్‌లు రెండు, స్టాప్‌వాచ్, పైచేతికి కట్టే బీపీ మిషన్, ప్రథమ చికిత్స పెట్టె. ఫుట్‌సాల్ బంతి పెద్దగా ఎగరదు. ఎగరని బంతి కోసం ఎవరూ గెంతరు, కాలు తలదాకా ఎత్తరు. బంతులు నాలుగు దేనికంటే, ఒకటి బయటికి పోగానే గోల్‌పోస్ట్ పక్కనున్న ఇంకొకటి లోపలికి రావాలి. బంతి కోసం ఒకరు నడుచుకుంటూ వెళ్లి వచ్చేలోపు పదిమంది గుండె వేగం కిందికి జారిపోతుంది. గోల్‌పోస్ట్‌లను తప్పనిసరిగా నేలకు బిగించాలి, లేదా ఇసుక సంచులతో అదిమిపెట్టాలి. పట్టుకుని వేలాడితే అవి మీద పడతాయి.

బూట్ల విషయం ముందే తేల్చుకోవాలి. జాగింగ్ బూట్ల మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. అవి ముందుకు పరిగెత్తడానికి బాగుంటాయి గానీ పక్కకు తిరిగేటప్పుడు పాదం ఒరిగి చీలమండ బెణుకుతుంది. పొడవాటి ముళ్లున్న బూట్లు కృత్రిమ గడ్డిని గట్టిగా పట్టేస్తాయి. పాదం ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలి మోకాలి మీద పడుతుంది. గట్టి నేలకు చదునైన రబ్బరు అడుగు, కృత్రిమ గడ్డికి పొట్టి బుడిపెల అడుగు ఉన్నవి చాలు.

అందరిచేతా పార్-క్యూ ప్లస్ ఫారం (వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నల పత్రం) నింపించాలి. మొదటి పేజీలో ఏడు ప్రశ్నలు. ఒక్కదానికి 'అవును' అన్నా తర్వాతి పేజీల ప్రశ్నలకూ జవాబివ్వాలి, అవి చెప్పిన ప్రకారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆడేటప్పుడు గుండెలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో హఠాన్మరణం, వీటిలో ఏది ఉన్నా ఫారంతో పని లేదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. కూర్చుని కొలిచిన బీపీ 180/110 దాటితే డాక్టర్ చూసేదాకా కోర్టులోకి రానివ్వకూడదు.

బీపీ తీయడం తేలికే అనిపిస్తుంది, తప్పులు దొర్లేది ఇక్కడే. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువగా వస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి సగటు రాసుకోవాలి. మొదటి రోజు కొత్తచోటు, కొత్తమనుషుల వల్ల అంకె పెరుగుతుంది కాబట్టి వేరే రోజు మళ్లీ తీసిందే అసలు ప్రారంభ కొలత. దీన్ని పాటించకపోతే నాలుగో వారంలో 'బీపీ తగ్గింది' అని సంబరపడేది ఆట గొప్ప కాదు, బెరుకు పోవడమే.

మిగతా కొలతలు: పొద్దున లేవగానే మంచం మీదే నాడి. నడుము చుట్టుకొలత (చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో, ఊపిరి వదిలాక). 6 నిమిషాల్లో నడిచిన దూరం. ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలరు అన్న లెక్క. ఈ చివరిది ముఖ్యం. ఆ అంకె ఎంత చిన్నదైతే ఆ మనిషి పిక్క విషయంలో అంత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

వారం 1: నడిచే ఆట

4 నిమిషాల ఆటలు నాలుగు, మధ్యలో 3 నిమిషాల విరామం. మొత్తం ఆట 16 నిమిషాలే. పరుగు నిషేధం. నియమం వాకింగ్ ఫుట్‌బాల్‌దే, ఒక పాదం ఎప్పుడూ నేలను తాకుతూ ఉండాలి. 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైన ఆట అది, వయసు మళ్లినవాళ్ల కోసం. ఇక్కడ మాత్రం మెట్టుగా వాడుకుంటున్నాం. తల ఎత్తు దాటిన బంతికి ఫౌల్. జారి బంతి లాక్కోవడం 16 వారాలూ నిషేధం.

నడకే కదా అని అందరూ నవ్వారు. పది నిమిషాలయ్యాక నవ్వులు తగ్గాయి. నడక ఆటలోనూ ఆగడం, తిరగడం, పక్కకు అడుగేయడం ఉంటాయి. ఏళ్లుగా తిన్నగా మాత్రమే నడిచిన తుంటికి, గజ్జలకు ఇవన్నీ కొత్త.

మర్నాడు కాదు, ఆ మర్నాడు ఒళ్లునొప్పులు ఎక్కువ. 24 నుంచి 72 గంటల మధ్య ఇవి సహజమని ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే 'నాకు పడలేదు' అని మానేస్తారు. రెండువైపులా సమంగా, కండ మధ్యలో ఉండే నొప్పికి కంగారు అక్కర్లేదు. ఒకేవైపు, వేలితో చూపించగలిగే చోట, లేదా కీలులో ఉంటే ఆట ఆపాలి.

వారం 2: కొలమానం గొడవ

గుండె వేగం ఎంతదాకా పోవచ్చు? 208లోంచి వయసును 0.7తో గుణించి తీసేస్తే గరిష్ఠం అంచనాగా వస్తుంది. 45 ఏళ్లకు 176 లేదా 177, అందులో 85 శాతం అంటే దాదాపు 150. అయితే ఈ సూత్రం ఒక్కో మనిషి దగ్గర పది బీట్లు అటూ ఇటూ తప్పుతుంది. కాబట్టి వాచీలో 158 కనిపించిందని బెదిరిపోనక్కర్లేదు, 140 ఉందని ధీమా కూడా పనికిరాదు. మణికట్టు వాచీ ఆగుతూ సాగే ఆటలో వెనకబడుతుంది. ఛాతీ పట్టీ నయం. దాని కింది భాగం తడిపి కట్టాలి, లేకపోతే మొదటి కొన్ని నిమిషాలు పొంతన లేని అంకెలు చూపిస్తుంది.

బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ల దగ్గర అంకెలు అస్సలు పనికిరావు, మందే గుండె వేగాన్ని అదిమి ఉంచుతుంది. వాళ్లకూ, నిజానికి అందరికీ, మాట పరీక్ష చాలు. పూర్తి వాక్యం చెప్పగలిగితే మితం. మూడు నాలుగు ముక్కలకే ఊపిరి కోసం ఆగితే తీవ్రం. ముక్క కూడా పెగలకపోతే పక్కకు రావాలి.

ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయేలా చేయగల మాత్రలు గానీ వాడేవాళ్లు ఆటకు ముందు షుగర్ చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే 15–30 గ్రాముల పిండిపదార్థం తిన్నాకే దిగాలి. ఆట ప్రభావం గంటల తరబడి ఉంటుంది, రాత్రి షుగర్ పడిపోవచ్చు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

వారం 3: మొదటి పరుగులు

5 నిమిషాల ఆటలు నాలుగు. సగం కోర్టులో పరుగు, సగంలో నడక. రెండు గోల్‌ల దగ్గరా 10 మీటర్ల మేర కోన్‌లతో గీత గీసి, దాని లోపల నడకే అని నియమం పెట్టాం. ప్రమాదకరమైన దూకుడు గోల్ ముందే కదా.

వార్మప్ 15 నిమిషాలు, ఇందులో తగ్గింపు లేదు. ఫిఫా 11+ (గాయాలు తగ్గించడానికి ఫిఫా తయారుచేయించిన వార్మప్) నుంచి తీసుకుని తేలిక చేశాం. మెల్లగా పరుగు, పక్క అడుగులు, వెనక్కి నడక, ఒంటికాలి నిలుపు 30 సెకన్లు, గుంజీలు 10, మోచేతుల మీద ప్లాంక్ 20 సెకన్లు మూడుసార్లు. చివరన మూడు సగం వేగపు పరుగులు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వార్మప్ ఎగ్గొట్టి సరాసరి ఆటలోకి దూరతారు. కఠినంగా అనిపించినా సరే, వాళ్లు పక్కన వార్మప్ పూర్తిచేసి తర్వాతి ఆటలోనే చేరాలి.

వారం 4–5: పిక్క

నాలుగో వారం నుంచి దమ్ము నిలుస్తుంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందంటారు, నిద్ర బాగుందంటారు, ఆట సమయం పెంచమని అడుగుతారు. పెంచకూడనిది సరిగ్గా ఇప్పుడే. రక్తం పరిమాణం పెరగడం, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం వారాల్లోనే జరుగుతాయి. అకిలిస్ టెండన్ (పిక్కను మడమకు కలిపే నరం లాంటి పట్టీ) గట్టిపడటానికి నెలలు పడుతుంది. గుండె సిద్ధం, కాలు కాదు. మధ్యవయసులో ఆటకు తిరిగొచ్చినవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఈ సందులోనే.

అందరికంటే ప్రమాదం ఎవరికి? ఎప్పుడూ ఆడనివాళ్లకు కాదు, కాలేజీ రోజుల్లో బాగా ఆడినవాళ్లకు. మెదడుకు పాత ఆట గుర్తుంటుంది, టెండన్‌కు ఉండదు. బంతి గీత దాటబోతుంది. అందదని కొత్తవాడు వదిలేస్తాడు. పాత ఆటగాడు ముందుకాలి మీద బరువేసి, మోకాలు చాపి, మడమ కిందికి దిగి ఉండగానే ఒక్కసారిగా నేలను తన్నుతాడు. టెండన్ పూర్తిగా సాగి ఉన్న క్షణంలోనే కండ బలంగా లాగుతుంది. 'వెనకనుంచి ఎవరో తన్నారు' అని వెనక్కి చూస్తాడు. అక్కడ ఎవరూ ఉండరు.

అలా అయితే బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్క మధ్యభాగాన్ని పిండాలి. బాగున్న కాలికి పాదం కదులుతుంది. కదలకపోతే అకిలిస్ తెగిందనుకోవాలి, ఆ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి. వేళ్లు ఆడుతున్నాయి కదా, నడవగలుగుతున్నాడు కదా అని ఇంటికి పంపడం పెద్ద తప్పు. వేళ్లను కదిపే కండరాలు వేరే, అవి తెగినదాన్ని కప్పిపుచ్చుతాయి.

రాకుండా ఉండేందుకు ఈ వారాల్లోనే మడమ ఎత్తులు మొదలు. మోకాలు చాపి 3×12 (12 చొప్పున మూడు విడతలు), మోకాలు కొద్దిగా వంచి 3×12 (లోపలి సోలియస్ కండరానికి ఇదే పని). ఎత్తడానికి 1 సెకను, దించడానికి 3. వారానికి మూడు రోజులు, ఇంట్లోనే, గోడ పట్టుకుని. మొదట రెండు కాళ్లతో, సులువయ్యాక ఒంటికాలితో. తొడ వెనక భాగానికి నార్డిక్ (మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఒకరు పట్టుకోగా మెల్లగా ముందుకు ఒరగడం) 2×3తో మొదలుపెట్టాలి, అంతకు మించితే రెండు రోజులు కుర్చీలోంచి లేవలేరు. చాలామంది ఎగ్గొట్టేది ఈ ఇంటి పనే, అందుకని విరామాల్లో ఒక విడత కోర్టులోనే చేయిస్తున్నాం.

వారం 6: లెక్క సరిచూపు

8 నిమిషాల ఆటలు నాలుగు, 2 నిమిషాల విరామాలు. రోజుకు 32, వారానికి 64 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 75–150 నిమిషాల తీవ్ర వ్యాయామం లేదా 150–300 నిమిషాల మితమైనది కావాలి. దానికి తోడు కండరాల బలానికి రెండు రోజులు. ఇంకా అందుకోలేదు, తొందర లేదు.

వారం 7–8: ఎవరు మానేస్తారు

ఇద్దరు ముగ్గురు రావడం మానేస్తే కారణం ఒంట్లో వెతక్కండి, స్కోరులో వెతకండి. 9–1తో ఓడిన జట్టులో బంతి తాకని మనిషి తర్వాతి వారం ఉండడు. మూడు మార్పులు పనిచేశాయి. ఒకటి, తేడా మూడు గోల్‌లకు చేరగానే ఒకరు జట్టు మారాలి. రెండు, గోల్ కొట్టే ముందు జట్టులో కనీసం ముగ్గురు బంతి తాకి ఉండాలి. మూడు, స్థిరమైన గోలీ లేడు, ప్రతి 3 నిమిషాలకు ఈల, కొత్త గోలీ. లావుగా ఉన్నాడని ఒకరినే గోల్‌లో నిలబెడితే, ఆట అవసరం ఎక్కువున్న మనిషికే ఆట అందదు.

జట్లు ఆట తెలివినిబట్టి కాదు, పరుగును బట్టి పంచాలి. నైపుణ్యం సరిపోయి పరుగు సరిపోకపోతే ఒక జట్టు ఊపిరాడక నిలబడిపోతుంది, ఇంకో జట్టుకు చెమటే పట్టదు.

డెన్మార్క్ ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. గుండె వేగం దాదాపు సమానంగా ఉన్నా, ఆడేవాళ్లకు తాము పడుతున్న శ్రమ ఒంటరిగా పరిగెత్తేవాళ్లకు అనిపించినంత అనిపించదు. ధ్యాస బంతి మీద ఉంటుంది కాబట్టి. ఆ ఆకర్షణే లాభం, ప్రమాదం కూడా అదే. ఆయాసం తెలియనివాడికి నొప్పీ ఆలస్యంగానే తెలుస్తుంది.

వారం 9–11

10 నిమిషాల ఆటలు నాలుగు. వారానికి 80 నిమిషాలు, 75 దాటింది. నడక గీతలు తీసేశాం.

బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేచి నిలబడగానే కళ్లు తిరగడం మొదలైతే ఆ వారమే డాక్టర్‌ను కలవాలి. ఒంటికి మందు అవసరం తగ్గి ఉండొచ్చు. మోతాదు తగ్గించేది డాక్టరే, జట్టులో పెద్దమనిషి కాదు.

కాన్పులయిన ఆడవాళ్లలో కొందరికి గెంతినప్పుడు, ఒక్కసారిగా ఆగినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంది. ఎవరూ పైకి చెప్పరు, మెల్లగా రావడం మానేస్తారు. కటి కండరాల వ్యాయామం, ఫిజియోథెరపిస్ట్ సలహా ఉంటే చాలామందిలో తగ్గుతుందని మొదటి వారంలోనే అందరి ముందూ మామూలుగా చెప్పాలి. ఎముకల సాంద్రత తగ్గడం మొదలయ్యే వయసులో ఆగుతూ తిరుగుతూ ఆడే ఆట వాళ్లకు మరీ అవసరం. ఈత, సైకిల్ గుండెకు మంచివే గానీ ఎముక మీద ఇలాంటి తాకిడి ఇవ్వవు.

వారం 12: మధ్య కొలతలు

12 నిమిషాల ఆటలు నాలుగు, అంటే రోజుకు 48 నిమిషాలు. ఇదే పూర్తి మోతాదు. కొలతలు మొదటిసారి తీసిన గంటకే, అదే మిషన్‌తో, ఆట లేని రోజు తీయాలి. ఆడిన వెంటనే కొన్ని గంటలపాటు బీపీ మామూలుకంటే తక్కువగా ఉంటుంది, అది లెక్కలోకి రాదు.

తూకం యంత్రం చాలామందిని నిరాశపరుస్తుంది. కొవ్వు తగ్గి కండ పెరిగితే ముల్లు కిలో కూడా కదలకపోవచ్చు. నడుము టేపు, పొద్దుటి నాడి, 6 నిమిషాల నడక దూరం ఈ మూడూ ముందు చూపించి తర్వాత తూకం చూపించాలి. వరస మారితే మనిషి మొహం మారుతుంది.

వారం 13: రెండు వారాలు మానేసి వచ్చినవాళ్లు

జ్వరమో ప్రయాణమో, రెండు వారాలు పోయాయి. దమ్ము ఉందనుకుని 48 నిమిషాలకు దిగుతారు. నియమం: రెండు వారాలు పోతే రెండు మెట్లు కిందికి, అంటే 8 నిమిషాల ఆటలకు, ఒక వారం పాటు. మిగతా 4 నిమిషాలు ప్రతి ఆటలోనూ గోలీగా నిలబడితే జట్టు లెక్క చెడదు. జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్న రోజుల్లో ఆడటం అస్సలు వద్దు. వైరస్ గుండె కండరానికి పాకి ఉంటే ఆట ప్రాణం మీదికి తెస్తుంది.

వారం 14: ప్రాణాపాయపు కసరత్తు

ఆట ఆపి 20 నిమిషాలు ఇదే. ఎవరూ తగలకుండానే మనిషి కుప్పకూలి, పిలిస్తే పలక్కపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే అది గుండె ఆగడమే అనుకోవాలి. అప్పుడప్పుడూ నోరు తెరిచి గాలి పీల్చినట్టు ఎగశ్వాస వస్తుంది, దాన్ని ఊపిరి అనుకుని ఆగిపోకూడదు. ఒకరు ఫోన్, ఒకరు ఏఈడీ (ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే చిన్న మిషన్) కోసం పరుగు, ఒకరు గేటు దగ్గర అంబులెన్స్ కోసం, ఒకరు ఛాతీ నొక్కడం. నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెం.మీ. లోతు. రెండు నిమిషాలకు నొక్కే మనిషి మారాలి. ఎవరు ఏ పని అన్నది ఆ రోజు వచ్చినవాళ్లలోంచి ఆటకు ముందే చెప్పుకోవాలి, రానివాళ్ల పేర్లతో రాసిన చార్టు గోడకు అలంకారం. ఏఈడీ తాళం వేసిన గదిలో ఉంటే అది లేనట్టే. వెళ్లి తెచ్చి చూశాం, తాళంచెవి వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. ఇప్పుడది గోల్‌పోస్ట్ వెనక బల్ల మీద ఉంటోంది.

వారం 16

చివరి కొలతలు అయ్యాయి. బీపీ, నడుము, నాడి, నడక దూరం, మడమ ఎత్తులు. ఒంటికాలి మడమ ఎత్తులు రెండు కాళ్లకూ 20 దాటనివాళ్లు ఇంటి వ్యాయామం ఆపకూడదు. వాళ్లకు పూర్తి వేగపు పరుగు ఇంకో ఎనిమిది వారాలు వద్దు.

తర్వాతి విడతకు మార్పులు: వార్మప్ అలాగే ఉంటుంది. నడక గీతలు కొత్తగా చేరేవాళ్లు ఉన్న ఆటల్లో మాత్రమే. రెండు రోజుల మధ్య కనీసం 48 గంటల ఎడం. మూడో రోజు అడుగుతున్నవాళ్లకు ఆట బదులు నడక, బలపు వ్యాయామం. పాత బంతుల్లో రెండింటి పైపొర నున్నగా అరిగి తడి నేల మీద జారుతున్నాయి, అవి వార్మప్‌కే. కొత్తవాటిలో గాలి 0.6 అట్మాస్ఫియర్ దగ్గర పెట్టాలి, అంతకు మించితే మళ్లీ ఎగరడం మొదలుపెడతాయి.